లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది

జూన్ 3

జ్వరం లేదు. ఒంటి మీద దద్దుర్లు లేవు. కడుపులో గడబిడ లేదు. భయం లేదు.

మొదటి మూడూ డాక్టరమ్మ రోజూ రాసుకోమన్నవి. నాలుగోది మా ఆడపడుచు చలవ. నాకు ఊపిరితిత్తిలో గడ్డ అని తెలియగానే పెట్టె సర్దుకుని సాయానికి దిగింది. దిగినప్పటి నుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని ఒకటే పోరు. "వదినా, నువ్వు భయపడ్డావనుకో, లోపల నీ కణాలు కూడా భయపడతాయి. అవి అన్నీ వింటాయట." వినడం వచ్చినవాటికి చదవడం కూడా వచ్చే ఉంటుంది. అందుకని ఇక్కడ రాసి పెడుతున్నాను. చదువుకోండర్రా. భయం లేదు.

ఇవాళ మొదటి సీసా ఎక్కించారు. నర్సు సూది పట్టుకొచ్చి, "ఏ చెయ్యమ్మా? రైటా?" అంది. నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనక! "రైట్ రైట్!" అని అరిచేశాను. వార్డంతా ఉలిక్కిపడింది. పక్క కుర్చీలో కునికిపాట్లు పడుతున్న మా ఆయన కాలు నేలని తొక్కింది, చెయ్యి గేరు కోసం గాల్లో తడిమింది.

"ఏమైందండీ ఆయనకి?" అంది నర్సు.

"ఏం లేదమ్మా, బండి కదిలింది," అన్నాను.

మేమిద్దరం ఒకే బస్సు మీద పనిచేశాం. ఆయన డ్రైవరు, నేను కండక్టరు. నేను "రైట్ రైట్" అనందే బండిని అంగుళం కదిపేవాడు కాదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడిగిన రోజు కూడా నేను రైట్ అనేదాకా స్టాపులోనే ఆపేశాడు, వెనక బళ్ళన్నీ హారన్లు మోగిస్తున్నా. డిపోలో ఆయన్ని నిదానం అనేవారు. రిటైరయ్యేదాకా బండికి గీత పడనివ్వలేదు. నాకింకా సర్వీసుంది, సెలవులో ఉన్నాను.

జూన్ 4

జ్వరం, దద్దుర్లు, గడబిడ, భయం, ఏవీ లేవు.

మందు మొదలుపెట్టే ముందు డాక్టరమ్మ చెప్పింది మరిచిపోకముందే రాసుకోవాలి. ఆవిడ నాకు కూతురుంటే ఆ వయసు పిల్ల. గడ్డలోంచి తీసిన ముక్క ఫొటోని కంప్యూటరులో చూపించింది. మధ్యలో ఊదారంగు ముద్ద, దాని అంచు చుట్టూ గుంపుగా చిన్న చిన్న చుక్కలు.

"ఈ చుక్కలు మీ కణాలేనమ్మా. గడ్డతో పోట్లాడేవి. ఇంతదాకా వచ్చాయి, అది మంచి విషయమే. కానీ అంచు దగ్గరే ఆగిపోయాయి. లోపలికి వెళ్ళట్లేదు."

నేను లేచి దగ్గరికెళ్ళి చూశాను. ఈ గుంపు నాకు కొత్తా? ఫుట్‌బోర్డు బాపతు. లోపల బండి సగం ఖాళీగా ఉన్నా మెట్ల మీదే వేలాడతారు, గొంతు చించుకున్నా కదలరు.

"లోపల ఖాళీ లేదా?" అన్నాను.

"చోటుందమ్మా, వాతావరణమే బాగోదు. గాలాడదు. ఉన్న చక్కెరంతా గడ్డే తినేస్తుంది. అది వదిలే మురికితో అంతా పులిసిపోయి ఉంటుంది. చుట్టూ గోడ కూడా కట్టుకుంటుంది. ఎలాగోలా దూరిన కణం కూడా కాసేపటికి నీరసపడి, అసలెందుకొచ్చానా అన్నట్టు ఉండిపోతుంది. పైగా మన కణాల్లోనే సర్దిచెప్పేవి కొన్ని ఉంటాయి."

"సర్దిచెప్పడమేంటి?"

"పోనీలే, గొడవెందుకు అనే రకం. మామూలప్పుడు అవి ఉండాలి. లేకపోతే మన కణాలు మన ఒంటితోనే కొట్టుకుంటాయి. గడ్డ అలాంటివాటిని తన చుట్టూ పోగేసుకుంటుంది."

నేను మా ఆయన వైపు చూశాను. డాక్టరమ్మ కూడా చూసింది.

"నన్నెందుకు చూస్తారు?" అన్నాడు ఆయన.

"ఇక బ్రేకు," అంది డాక్టరమ్మ. "పోట్లాడే కణానికి దాని ఒంటి మీదే ఒక బ్రేకు ఉంటుంది. గడ్డ చెయ్యి చాపి దాన్ని నొక్కేస్తుంది. మేమిచ్చే మందు ఆ బ్రేకు పడకుండా చేస్తుంది. దాంతోపాటు ఎక్కించే రెండో మందు గడ్డని కొట్టి దారి చేస్తుంది."

అంతే. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అంతెత్తున లేచాడు. "బ్రేకు తీసేస్తారా? డాక్టరుగారూ, బ్రేకు లేని బండి ఎక్కడికి పోతుందో మీకు తెలుసా?"

"తెలుసు కాబట్టే దద్దుర్లూ జ్వరమూ చూసుకోమంటున్నాం. ఒక్కోసారి అవి గడ్డని వదిలేసి మంచి చోట కూడా కలబడతాయి."

"విన్నావా?" అన్నాడు నాతో. ఇంటికొచ్చేదాకా అదే పాట. నేను మాత్రం దారిలోనే గడ్డకి పేరు పెట్టేశాను. టికెట్టు లేనోడు.

జూన్ 9

ఈ ఇంట్లో గాలాడట్లేదు. నాకు చల్లగాలి పడదని మా ఆడపడుచు కిటికీలన్నీ బిగించి, సందుల్లో పాత గుడ్డలు కుక్కింది. గడ్డ చక్కెర తింటుందని అన్నయ్య నోట విని చక్కెర డబ్బా ఎక్కడో దాచేసింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో చెవులు కొరుక్కుంటారు, నేను గుమ్మంలోకి రాగానే వానలు పడతాయా లేదా అని మొదలుపెడతారు. పక్కింటావిడ ఉంది, ఏళ్ళ తరబడి చెత్తబుట్ట నా గుమ్మం ముందు పెట్టి నాతో తిట్లు తినే మనిషి. ఆవిడ కూడా మానేసింది! ఇంతకంటే అవమానం ఇంకోటి ఉంటుందా?

కూర్చుని ఆలోచించాను. గాలి లేదు. చక్కెర లేదు. చుట్టూ పోనీలే, గొడవెందుకు అనే మనుషులు. డాక్టరమ్మ చెప్పింది అచ్చం ఇదే కదా! ఇలాంటి ఇంట్లో ఉంటే నా కణాలు నీరసపడక ఏం చేస్తాయి? లేచి కిటికీలన్నీ బార్లా తెరిచాను.

"అయ్యో వదినా, గాలి!"

"గాలి కోసమేనమ్మా తెరిచింది."

"అన్నయ్యా, బెల్లంకొట్టిన రాయిలా నించుంటావేం? చెప్పు!"

ఆయన ఇటు చూశాడు, అటు చూశాడు. "పోనీ ఒక రెక్క తీసి ఒక రెక్క వేద్దాం," అన్నాడు.

"గడ్డ ముందు మిమ్మల్నే పోగేసుకునుంటుంది!" అని అరిచాను. ఒక్క అరుపుకే దగ్గు తెర పట్టుకుని వంగిపోయాను. మంచం మీద పడుకోబెట్టారు. కిటికీ ఒక రెక్క తీసి ఒక రెక్క వేశారు.

భయం లేదు.

జూన్ 10

నేనే నా చెత్తబుట్ట తీసుకెళ్ళి పక్కింటావిడ గుమ్మం ముందు పెట్టాను. తలుపు తీసింది. బుట్ట చూసింది. నేను నడుం మీద చెయ్యి వేసుకుని సిద్ధంగా నించున్నాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, నా బుట్ట కిందికి మోసుకెళ్ళి ఖాళీ చేసి, కడిగి తెచ్చిచ్చింది.

ఈ లోకానికి ఏమైంది?

జూన్ 12

దగ్గు. భయం లేదు.

జూన్ 24

రెండో సీసా. ఆయన మందుల చీటీ పట్టుకుని కిందికెళ్ళిన సందు చూసి డాక్టరమ్మని అడిగేశాను, ఇంట్లో గాలాడకపోతే గడ్డ లోపల కూడా గాలాడదు కదా అని. ఆ పిల్ల నవ్వాపుకోలేకపోయింది.

"మీ కిటికీకీ గడ్డకీ సంబంధం లేదమ్మా. దాని రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరుగుతాయి, అందుకే లోపల గాలాడదు. మీ ఇంట్లో తుఫాను వచ్చినా దానికి తెలీదు."

"మరి చక్కెర?"

"మీరు మానేస్తే నీరసపడేది మీరే. టీలో హాయిగా వేసుకోండి."

ఆయన వస్తున్నాడేమోనని తలుపు వైపు ఓసారి చూసి, మూడోది అడిగాను. "భయపడితే కణాలు కూడా భయపడతాయట కదా? ఎవరో అంటే విన్నాను. నాకేం భయం లేదనుకోండి."

ఆవిడ నవ్వు ఆపేసింది. "ఎవరన్నారమ్మా? భయపడండి. ఎంతైనా భయపడండి. మందుకి దాంతో పనిలేదు. ధైర్యంగా ఉన్నవాళ్ళకే తగ్గుతుందన్న లెక్కేం లేదు. కణాలు ఆగిపోయాయంటే అక్కడి మురికి వల్ల, మీ మనసు వల్ల కాదు. ఆ తప్పు మీ నెత్తిన వేసుకోకండి."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ గదిలో ఏసీ మరీ ఎక్కువ.

ఇంటికొచ్చి, చక్కెర డబ్బా బయటికి తీయమని డాక్టరమ్మ ఆర్డరు వేసిందని చెప్పాను. ఆడపడుచు మొహం మాడ్చుకుని బియ్యం డ్రమ్ములోంచి తీసింది. కిటికీలు కూడా బార్లా తెరిచే ఉంచమందని చెప్పాను. అది ఆవిడ అనలేదు. అంటే బాగుండేది. భయం సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎలాగూ లేదు కదా, చెప్పడానికేముంది?

జూన్ 30

జ్వరం లేదు. దద్దుర్లు ఉన్నాయి! వీపంతా, మెడ దాకా ఎర్రగా.

"చెప్పానా!" అన్నాడు ఆయన. పెళ్ళయినప్పటి నుంచీ ఆ మాట అనే అవకాశం ఆయనకి నేనివ్వలేదు. ఇవాళ దొరికింది, మూడుసార్లు వాడుకున్నాడు. "బ్రేకు తీస్తే ఇంతే. చెప్పానా!"

ఆస్పత్రికి ఫోను చేస్తే పూత మందు చెప్పారు, ఎక్కువైతే వెంటనే రమ్మన్నారు. నా వాళ్ళకి బ్రేకు లేదు, నిజమే. చెకింగ్‌కి ఎక్కిన కొత్త ఇన్‌స్పెక్టర్ల మాదిరి టికెట్టు ఉన్నవాళ్ళని కూడా దింపేస్తున్నారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? దురద చిరాకులో ఆడపడుచు మీద విరుచుకుపడ్డాను, టీ చల్లారిందని. టీ చల్లారలేదు. తను గబగబా లోపలికెళ్ళి ముక్కు చీదుకుంటూ వచ్చి, నా వెనక కూర్చుని, వీపుకి ఊదుతూ ఊదుతూ మందు రాసింది.

"వదినా, నేను రేపు వెళ్ళిపోనా?" అంది.

"వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతాను," అన్నాను.

అప్పుడు ఇద్దరం నవ్వాం. ఆయన గుమ్మంలోంచి చూసి, ఏం జరిగిందో తెలియక తనూ నవ్వాడు.

జూలై 6

రక్తపరీక్షకి బస్సులో వెళ్ళాం. ఆటో అంటే ఆయన ఒప్పుకోడు, ఆటోవాళ్ళకి నిదానం తెలియదట. బస్సు కిక్కిరిసి ఉంది. అంటే ముందు సగం. వెనక సగం ఖాళీ. కండక్టరు కొత్త పిల్ల, సన్నటి గొంతు. "కొంచెం లోపలికి జరగండి ప్లీజ్" అంటోంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మెట్ల మీద నలుగురు వేలాడుతున్నారు.

"నీకెందుకు, ఊరుకో," అన్నాడు ఆయన ముందుగానే.

ఊరుకునేదాన్నే. ఆ పిల్ల మళ్ళీ ప్లీజ్ అంది. ఇక నావల్ల కాలేదు. లేచి కడ్డీ పట్టుకుని అందుకున్నాను.

"లోపలికి జరగండి! లోపల ఖాళీ ఉంది! ఏమయ్యా, నీ సంచీకి కూడా కిటికీ సీటు కావాలా? తియ్యి దాన్ని! అమ్మా, ఫోనులో మాట్లాడుతూ కూడా కాళ్ళు కదులుతాయి, కదిపి చూడు! మెట్ల మీదున్నవాళ్ళు ఎక్కితే ఎక్కండి, దిగితే దిగండి, మధ్యలో కాపురం పెట్టకండి!"

జరిగారు. బస్సుకి బస్సే కదిలింది. డ్రైవరు అద్దంలోంచి చూసి దణ్ణం పెట్టాడు. నేను "రైట్ రైట్!" అన్నాను, బండి కదిలింది. ఆ పిల్ల సిగ్గుపడుతూ నాకు టికెట్టు కొట్టింది. ఎవరి టికెట్టు వాళ్ళు కొనాల్సిందే.

ఆయన నన్నే చూస్తున్నాడు. "ఏంటి, అలా చూస్తారు?" అన్నాను.

"ఏం లేదు," అని కిటికీ వైపు తిరిగాడు.

జూలై 13

స్కాను. "ఊపిరి బిగబట్టండి" అంది మిషను గొంతు. "ఎంతసేపు?" అని నేనడిగాను. ఆ ఫొటో మళ్ళీ మొదటి నుంచి తీయాల్సి వచ్చింది.

పెద్దదైంది.

జూలై 14

భయం లేదు. భయం లేదు. భయం లేదు.

కిటికీలు ఆడపడుచు మూయలేదు, నేను మూశాను. ఎల్లుండి వాన పడుతుందా అని ఎవరూ అనలేదు. ఆయన బాల్కనీలో తన సైకిలు ముందేసుకుని బ్రేకులు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. బాగున్న బ్రేకులే. మళ్ళీ విప్పాడు. ఈ మనిషి నాతో మందు ఆపేద్దాం అంటాడు, నేను ఒప్పుకుంటాను. రేపు అంతే జరుగుతుంది.

పోనీలే.

ఆ మాట నేనే రాశానా?

జూలై 15

డాక్టరమ్మ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించింది.

"రెండు కారణాలుండొచ్చమ్మా. మందు పని చెయ్యక గడ్డ పెరిగి ఉండొచ్చు. లేదా మీ కణాలే గుంపుగా లోపలికి తోసుకుపోతే వాచి ఉండొచ్చు. రెండోది అరుదు, కానీ జరుగుతుంది. ఫొటోలో చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. మళ్ళీ సూది గుచ్చి ముక్క తీసి చూద్దామంటే, పోయినసారి మీ ఊపిరితిత్తిలో గాలి దిగిపోయింది. నాకు మనసొప్పట్లేదు. ఇదే మందు ఇంకొన్నాళ్ళు ఎక్కించి చూడొచ్చు, లేదా ఇవాళే ఆపి వేరే దానికి మారొచ్చు. తప్పు నిర్ణయమైతే టైము పోతుంది, అది మనకి ఎక్కువ లేదు. ముందు ఇది చెప్పండి, దగ్గు ఎలా ఉంది?"

"బాగానే ఉంది," అన్నాను. కాలు విరిగినా నేను చెప్పేది అదే అని ఆవిడకీ తెలుసు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆపేద్దాం అంటాడని నేను తల దించుకున్నాను.

"తగ్గింది డాక్టరుగారూ," అన్నాడు. "జూన్‌లో కిటికీ దగ్గర ఒక్క కేక వేసి మంచం పట్టింది. మొన్న బస్సులో ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడేలా అరిచింది, ఒక్కసారి దగ్గలేదు. నేను వింటూనే ఉన్నాను, ఇప్పుడు దగ్గుతుంది, ఇప్పుడు దగ్గుతుంది అని. దగ్గలేదు. నా సర్వీసంతా ఈవిడ గొంతు విని బండి నడిపాను. ఇది జూన్ నాటి గొంతు కాదు. పాత గొంతు."

డాక్టరమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. "తిండి?"

"తింటోంది. నా వాటా చక్కెర కూడా."

"బరువు కూడా పెరిగింది," అంది ఆవిడ కాగితం చూసి. "అయితే నేను ఎక్కిద్దామనే అంటాను. హామీ మాత్రం ఇవ్వలేను."

మళ్ళీ అదే వార్డు, అదే కుర్చీ. నర్సు సూదితో వచ్చి నవ్వుతూ, "ఏ చెయ్యమ్మా? రైటా?" అంది. నా కేక కోసం ముందే రెండు చెవులూ మూసుకునేటట్టు మొహం పెట్టింది.

నాకు నోరు పెగల్లేదు. ఎంత ప్రయత్నించినా ఆ మాట రాలేదు. నేను చెయ్యి ఒళ్ళోకి లాగేసుకుంటే నర్సు సూది వెనక్కి తీసుకుంది. సర్వీసులో ఇలా ఎన్నడూ జరగలేదు. స్టాపులో అందరూ ఎక్కేశారు, బండి ఆగి ఉంది, కండక్టరుకి గొంతు లేదు.

ఆయన కుర్చీలోంచి లేచాడు. నా రెండో చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతికి ఇంకా సైకిలు గ్రీజు వాసన.

"కండక్టరమ్మా," అన్నాడు. డ్యూటీలో అలాగే పిలిచేవాడు. నేను తల ఊపాను.

ఆయన నర్సు వైపు తిరిగి, తన నిదానం గొంతుతోనే, "రైట్ రైట్," అన్నాడు.

డ్రైవరు ఆ మాట అనడు. ఏ డ్రైవరూ అనడు. సూది దిగిందో లేదో కూడా నాకు తెలియలేదు, అలా ఏడ్చాను.

"మరి బ్రేకు?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"నేనున్నాగా," అన్నాడు.

జూలై 22

దద్దుర్లు. జ్వరం లేదు. పక్కింటావిడ చెత్తబుట్ట నా గుమ్మం ముందు పెట్టింది. ఆయన వెళ్ళి కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాడని ఆడపడుచు చెప్పింది. వీధి వీధంతా వినపడేలా తిట్టాను. ఆవిడా తక్కువ తినలేదు. ఎంత హాయిగా ఉందో!

ఆగస్టు 14

మళ్ళీ స్కాను. ఈసారి మిషను ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాను.

డాక్టరమ్మ మేం కూర్చునేదాకా కూడా ఆగలేదు. "తగ్గిందమ్మా! మొదటి ఫొటోలో ఉన్నదాంట్లో సగం కూడా లేదు. పోయినసారిది వాపే. మీ వాళ్ళు లోపలికి వెళ్ళారు."

"పూర్తిగా పోయిందా?" అన్నాడు ఆయన.

"పోలేదు. తగ్గుతోంది. ఇంకా సీసాలున్నాయి. మందు చాలాకాలం పని చేసినవాళ్ళున్నారు, మధ్యలో ఆగిపోయినవాళ్ళూ ఉన్నారు. చూస్తూ పోవాలి."

"నిదానంగా," అన్నాడు ఆయన.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాం ఇద్దరం. ఆయన భోరుమన్నాడు. నేను వీపు నిమురుతూ పోనీలే, పోనీలే అన్నాను. ఒక్కోసారి సర్దిచెప్పేవాళ్ళు కూడా ఉండాలి.

ఇక రాసుకోవాల్సినవి. జ్వరం లేదు. దద్దుర్లు కొద్దిగా. కడుపు బాగుంది. భయం ఉంది. మొదటి సీసా రోజు నుంచీ ఉంది, ఏ రోజూ లేకుండా లేదు. మీకు నిజంగా చదవడం వస్తే ఇది కూడా చదువుకోండర్రా, నాకేం సిగ్గు లేదు. చదువుకుని మీ పని మీరు చూసుకోండి. ఎవరూ మధ్యలో దిగొద్దు. మెట్ల మీద ఇంకా ఎవరైనా వేలాడుతుంటే లోపలికి జరగండి. లోపల ఖాళీ ఉంది.